రెండు ప్రాసెసర్లు, ఒక్క నిమిషం

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఉత్తరాలు పంచే మనిషి సైతం కవరు మీద పేరు చదవడు, "నిమిషం గారూ, మీకే" అని గుమ్మంలో పడేసి పోతాడు. పాడైన కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెడితే ఆయన మూత విప్పి, దుమ్ము ఊది, కావలసిన తీగలు మాత్రం తగిలించి స్విచ్ వేస్తాడు. చేతులు కట్టుకుని గోడ గడియారంలో సెకన్ల ముల్లు వైపు చూస్తాడు. ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా తెర మీద ఒక్క అక్షరమైనా కనిపిస్తే బోర్డు బతికున్నట్టు. కనిపించకపోతే స్విచ్ తీసేసి "పోయింది" అంటాడు. ఇంకొక్కసారి చూడండని ఎంత బతిమాలినా ఆ మాట మీద మళ్ళీ మాట ఉండదు.

దీన్ని పొగరనేవాళ్ళు ఉన్నారు. కొంత పొగరు లేకపోలేదు. కానీ ఆ అలవాటు పుట్టింది మాత్రం మంచితనం నుంచే. ఆయన పని నేర్చుకున్న రేడియో షాపు యజమాని ఏ సెట్టునీ పోయిందనేవాడు కాదు. రేపు రండి, ఎల్లుండి రండి అని జనాన్ని నెలల తరబడి తిప్పేవాడు. ఒక ముసలాయన తన రేడియో కోసం పదకొండుసార్లు వచ్చాడు. పన్నెండోసారి ఆయన కొడుకు వచ్చి, "నాన్న పోయారండీ, అది ఎలా ఉంటే అలా ఇచ్చేయండి" అని పట్టుకెళ్ళాడు. తన చేతి కింద ఎవరూ ఇలా ఆశ పెట్టుకుని తిరగకూడదని ఆ రోజే ఈయన గట్టిగా అనుకున్నాడు. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నియమం అలాగే ఉంది. నూటికి తొంభైతొమ్మిదిసార్లు అది నిజమే అయ్యేది కూడా.

ఇబ్బందల్లా ఆ నియమం షాపులో ఆగకపోవడం. వీధి వైపు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్య ద్వారానికి ఒక కర్టెన్. కర్టెన్ ఏ నియమాన్ని ఆపుతుంది? తలనొప్పి మాత్ర వేసుకున్న నిమిషానికి తగ్గకపోతే ఆ మాత్ర దండగ. కూతురు ఒక పరీక్షలో లెక్కల్లో తక్కువ తెచ్చుకుంటే "దీనికి లెక్కలు రావు" అన్నాడు. ఆ మరుసటేడు ఆ పిల్ల అదే లెక్కల్లో క్లాసులో మొదటిదైంది. ఆ మార్కుల కాగితం ఆయన చూడలేదో, చూసి ఊరుకున్నాడో తెలియదు.

ఎదురుచెబితే అరుస్తాడా అంటే అరవడు. అరిచినా బాగుండేది. చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీ గోడ వైపు తిప్పుకుని, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడడు. ఆ రెండు రోజులు షాపు మూతే. ఇంట్లోవాళ్ళు మునివేళ్ళ మీద నడవాలి. అందుకే ఆయన భార్య పెళ్ళయిన కొత్తల్లోనే "అలాగేనండీ" అనడం నేర్చుకుంది. ముప్పై రెండేళ్ళుగా అదే అంటోంది. తన మాటకి ఇంట్లో విలువ ఉందని ఆయన మురిసిపోయేవాడు.

కట్టబోయే భవనాలకి కూతురు బొమ్మలు చేస్తుంది. ఇంకా పునాది కూడా తవ్వని భవనాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టి, గోడకి రంగు, గచ్చుకి నునుపు, కిటికీలోంచి ఎండ అన్నీ పెట్టి, మనం అందులో నడుస్తున్నట్టు చిన్న సినిమాలా చూపిస్తుంది. ఆమె పనిచేసిన ఆఫీసు మూతపడి ఏడు నెలలైంది. అప్పటి నుంచి లోపలి గదిలో బల్ల ముందు కూర్చుని, ఉన్న పాత కంప్యూటర్ మీదే చిల్లర పనులు చేసుకుంటోంది. ఒక రోజు భోజనాల దగ్గర గొంతులో సంతోషం ఆపుకుంటూ చెప్పింది.

"నాన్నా, భవనాలు డిజైన్ చేసే ఒక పెద్ద ఆఫీసు వాళ్ళు నాకు ఓ పరీక్ష పెట్టారు. వాళ్ళు కట్టబోయే ఆసుపత్రికి నలభై సెకన్ల సినిమా చెయ్యాలి. గేటు దగ్గర మొదలై, వరండాలోంచి నడిచి, చివర వార్డులో పెద్ద కిటికీ దగ్గర ఆగాలి. మంచాల మీద పడే ఆ వెలుగు కోసమే భవనం మొత్తం అలా కడుతున్నారట. నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ళ పనంతా నాకే."

"ఎన్నాళ్ళు టైమిచ్చారు?"

"పది రోజులు. భవనం అంతా తయారుగానే ఉంది, కంప్యూటర్ గీయడమే మిగిలింది. సెకనుకి పాతిక బొమ్మలు, మొత్తం వెయ్యి. నా కంప్యూటర్ ఒక్కో బొమ్మకి నలభై నిమిషాలు తీసుకుంటోంది. రాత్రీపగలూ ఆపకుండా తిప్పినా నాలుగు వారాలు పడుతుంది." ఆమె గొంతులో సంతోషం అప్పటికే సగమైంది.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చాడు. కొత్త పెద్ద కంప్యూటర్ కొనే స్తోమత లేదని ముగ్గురికీ తెలుసు. "రెండు ప్రాసెసర్ల బోర్డు పెడదాం," అన్నాడు. మూతపడ్డ ఒక కార్యాలయం సామాన్లలో ఆయనకు ఆ బోర్డు దొరికి చాలా కాలమైంది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో రాత్రింబగళ్ళు నడిచే సర్వర్లలో వాడే రకం. "ప్రాసెసర్ అంటే బుర్ర. మామూలు బోర్డుకి ఒకటే బుర్ర, దీనికి రెండు. ఒక్కోటీ నీ పాతదానికి రెండింతల పైగా వేగం, పని చెరిసగం పంచుకుంటాయి. బొమ్మకి తొమ్మిది నిమిషాలు చాలు. ఆరు రోజుల్లో నీ వెయ్యి బొమ్మలూ చేతికొస్తాయి."

ఒక బుర్ర ఉన్నవాళ్ళతోనే వేగలేకపోతున్నామని భార్య మనసులో అనుకుని ఉండవచ్చు. పైకి మాత్రం "అలాగేనండీ" అంది.

పనితనం చూడాలంటే ఆ రెండు రోజులూ ఆయన్ని చూడాలి. ఆ బోర్డు ఏ మామూలు క్యాబినెట్‌లోనూ పట్టదు, జానెడు వెడల్పు ఎక్కువ. ఉన్నవాటిలో పెద్ద క్యాబినెట్ తీసుకుని లోపలి రేకు కోసేశాడు. బోర్డు కూర్చునే ఇత్తడి మేకులన్నీ పీకి కొత్త చోట్ల బిగించాడు. ఒక్క మేకు అక్కర్లేని చోట మిగిలినా అడుగు నుంచి తగిలి బోర్డు కాలిపోతుందని, ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూసుకున్నాడు. మామూలు పవర్ డబ్బాకి ప్రాసెసర్ తీగ ఒకటే ఉంటుంది. దీనికి రెండు కావాలి, మార్కెట్టంతా తిరిగి అలాంటిది తెచ్చాడు. ప్రాసెసర్ కూర్చునే గూటిలో వెంట్రుకల్లాంటి ముళ్ళు రెండు వేల దాకా ఉంటాయి, ఒక్కటి వంగినా గూడు పాడైనట్టే. ఆయన ఊపిరి బిగబట్టి మొదటిది దించాడు, లేచి నీళ్ళు తాగి వచ్చి రెండోది దించాడు. బుర్రకి జ్ఞాపకం లాంటి ర్యామ్ ముక్కలు ఏ ప్రాసెసర్ పక్కన దానికి సమంగా పంచి పెట్టాడు, ఒక పక్కే పెడితే రెండో బుర్ర పస్తుంటుంది. పిడికిలంత పంకాలు రెండు, వాటి కింద చల్లబరిచే రేకుల దిమ్మలు రెండు. కూతురి పని అని చేతులకి తెలిసినట్టుంది, ఎక్కడా తొట్రుపడలేదు.

రెండో రోజు సాయంత్రం తల్లీ కూతుళ్ళు వచ్చి బల్లకి అటూ ఇటూ నిలబడ్డారు. ఆయన స్విచ్ వేశాడు. పంకాల మోతకి కర్టెన్ ఊగింది. ముల్లు ఒక చుట్టు తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఆయన స్విచ్ తీసి, ర్యామ్ ముక్కలు మార్చి మళ్ళీ వేశాడు. ముల్లు మళ్ళీ ఒక చుట్టు తిరిగింది. ఒక ప్రాసెసర్ తీసి చూశాడు, రెండోది తీసి చూశాడు. ప్రతిసారీ ఒకే నిమిషం, ఒకే నలుపు. చివరికి అన్నీ మళ్ళీ బిగించి, మూత పెట్టి, ఆ పెట్టెని బల్ల కిందికి తోశాడు.

"పోయింది," అన్నాడు.

"సరే నాన్నా," అంది కూతురు.

ఆ సరే ఆయనకి గుచ్చుకుంది. రెండు తిట్లు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆమె లోపలికి వెళ్ళి పాత కంప్యూటర్ మీదే బొమ్మలు మొదలుపెట్టింది, రోజుకి ముప్పై ఆరు చొప్పున.

ఆ తర్వాత ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. షాపుకి తాళం వేసి పాత సామాన్ల గోదాములు గాలించాడు. తెలిసినవాళ్ళకి, తెలియనివాళ్ళకి ఫోన్లు చేశాడు. రెండు ప్రాసెసర్ల బోర్డంటే చాలామంది నవ్వారు, కొందరు రెండు బోర్డులు చూపించారు. ఇంటికి వస్తే లోపలి గదిలోంచి పాత కంప్యూటర్ గురక వినిపించేది. ఎన్ని బొమ్మలయ్యాయని అడగడానికి ఆయనకి ధైర్యం చాలేది కాదు. ఏడో రోజు మధ్యాహ్నం ఊరి చివర ఒక తుక్కు వ్యాపారి దగ్గర పొడవాటి పలక లాంటి పాత సర్వర్ దొరికింది. రెండు ప్రాసెసర్లు, ర్యామ్, పవర్ డబ్బా అన్నీ అందులోనే ఉన్నాయి. "ఆడుతుందో లేదో నాకు తెలీదు. మీరే చూసుకోండి, మీకు నిమిషం పని కదా," అన్నాడు తుక్కాయన.

ఆయన దాన్ని బల్ల మీద పెట్టి స్విచ్ వేశాడు. ముల్లు ఒక చుట్టు పూర్తి చేసింది. తెర నల్లగా ఉంది. స్విచ్ మీదికి చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి భార్య కేక పెట్టింది.

"ఏమండీ, త్వరగా రండి! స్నానాల గదిలో కుళాయి ఊడిపోయింది! నీళ్ళు గదిలోకి వచ్చేస్తున్నాయి!"

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని పరిగెత్తాడు. కుళాయి తల ఊడి ఒక పక్కన పడుంది, నీళ్ళు పైకప్పుకి కొడుతున్నాయి. అసలు పైపు కట్టేసి, తల మళ్ళీ బిగించి, తడిసి ముద్దై తిరిగొచ్చేసరికి ఆరేడు నిమిషాలు పట్టింది. కర్టెన్ తీసి చూస్తే తెర నిండా తెల్లటి అక్షరాలు. ప్రాసెసర్లు రెండు, అన్నాయి ఆ అక్షరాలు. రెండూ బాగున్నాయి.

సంతోషించడానికి ముందు ఆయన గడియారం వైపు చూశాడు. ఎంత సేపైందో లెక్క వేయబోయి, ఆపేసి, కూతుర్ని కేకేశాడు. ఆమె పరిగెత్తుకొచ్చి తెర చూసి, ఆయన తడి చొక్కా చూసి, "అబ్బ, బతికించారు నాన్నా" అంది. అరగంటలో సర్వర్ ఆమె గదిలోకి చేరి, తొమ్మిది నిమిషాలకో బొమ్మ చొప్పున గీయడం మొదలుపెట్టింది. ఇల్లంతా విమానం ఎగరబోతున్నట్టు మోత. ఆ రాత్రి ఆయనకి ఆ మోత హాయిగానే ఉండాలి. కానీ నిద్ర పట్టలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే, షాపు తలుపు లోపల గడియ వేసుకుని, బల్ల కింది పెట్టె బయటికి లాగాడు. తాను తన చేతులతో కట్టి, తన నోటితో పోయిందన్న పెట్టె. తీగ తగిలించి స్విచ్ వేశాడు. ఒక నిమిషమైంది. రెండైంది. స్విచ్ మీదికి చెయ్యి దానంతటదే వెళ్తుంటే దాన్ని రెండో చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. మూడైంది. ఇలాంటి పెద్ద బోర్డులు లేవగానే తమ ర్యామ్ అంతా ముక్కముక్కా పరీక్షించుకుంటాయి, రెండు వైపులా. అది ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన ఎవర్నీ అడగలేదు. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకి తెర వెలిగింది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గేసింది, అది మామూలు సిగ్గు కాదు. ఐదు రోజులు కూతురు ఆ పాత డబ్బాతో ఒక్కో బొమ్మా లెక్కపెట్టుకుంటుంటే ఇది బల్ల కింద పడుంది, నిక్షేపంలా. ఇన్నేళ్ళలో ఇలాంటి పెద్ద బోర్డులు ఇంకెన్నింటిని తుక్కులో పడేయించాడో గుర్తు చేసుకోబోయాడు. మూడు గుర్తొచ్చాయి. నాలుగోది గుర్తు రాకముందే లేచి స్విచ్ తీసేశాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కూతురు చెప్పింది. "పాతదీ సర్వరూ కలిపి నడిపినా రెండు వందల బొమ్మలు తగ్గుతాయి. వార్డు తలుపు దాకా వస్తుంది. కిటికీ రాదు."

ఆ కిటికీ షాపులో బల్ల కింద ఉంది. ఎత్తుకొచ్చి ఇవ్వడానికి పది అడుగులు. కానీ ఇస్తే ఇది పోలేదని చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా వెనక్కి తీసుకోని మాట ఇప్పుడు కూతురి ముందు, భార్య ముందు వెనక్కి తీసుకోవాలి. రాత్రికి చెబుదామనుకున్నాడు. రాత్రి, పొద్దున చెబుదామనుకున్నాడు. పవర్ డబ్బా వేడెక్కుతోందేమోనని ఒక సాకు, పంకా ఒకటి కొంచెం ఊగుతోందని ఇంకో సాకు. తొమ్మిదో రోజు పొద్దున్నకి ఒక అబద్ధం కూడా తయారుచేసుకున్నాడు. లోపల ఒక తీగ వదులైంది, ఇప్పుడే కనిపెట్టి సరిచేశాను. వినడానికి బాగానే ఉంది. దానితో పరువూ నిలుస్తుంది, కిటికీ వస్తుంది.

మధ్యాహ్నం కావస్తుండగా పెట్టె రెండు చేతులతో ఎత్తుకుని, భుజంతో కర్టెన్ తోసుకుని లోపలికి వెళ్ళాడు. కూతురు బల్ల ముందు కూర్చుని ఉంది. తల్లి తలుపు దగ్గర బట్టలు మడతపెడుతోంది. నోరు తెరిస్తే అబద్ధం రాలేదు.

"ఇది పోలేదమ్మా," అన్నాడు. "అప్పుడూ పోలేదు. నేనే ఆగలేదు."

కూతురు లేచి, పెట్టె ఒక పక్క పట్టుకుని బల్ల మీద పెట్టించింది. అప్పుడు చూశాడాయన. బల్ల మీద ఆ పెట్టెకి సరిపడా చోటు ఖాళీ చేసి ఉంది. పక్కనే పవర్ తీగ, నెట్ తీగ తీసి పెట్టి ఉన్నాయి. గోడకి అంటించిన కాగితం మీద బొమ్మల అంకెలు మూడు భాగాలుగా రాసి ఉన్నాయి. ఒకటి పాతదానికి, ఒకటి సర్వర్‌కి. ఆఖరి రెండు వందల పక్కన ఏమీ రాయలేదు.

"ఇదేంటి?" అన్నాడు.

"కిటికీ దగ్గరి బొమ్మలు. దీనికే ఉంచాను." ఆమె తీగలు తగిలిస్తోంది. "ఇది బతికుందని నాకు తెలుసు నాన్నా. రెండో రోజు సాయంత్రమే బోర్డు తాలూకు పుస్తకం ఫోన్‌లో తీసి చూశాను. స్విచ్ వేశాక ఐదు నిమిషాల దాకా ఆగమని రాసుంది."

"మరి చెప్పొద్దూ?"

"చెబితే మీరు కుర్చీ గోడకి తిప్పుకుంటారు. రెండు రోజులు పోతాయి. ఆ తర్వాతైనా ముట్టుకుంటారో లేదో. నాకున్నవి ఎనిమిది రోజులు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, బొమ్మల లెక్క చెప్పినట్టే చెప్పింది. "మీరు ఇంకోటి వెతికి తేవడమే తొందరగా అవుతుందనుకున్నాను."

మడతపెడుతున్న బట్ట పక్కన పెట్టి భార్య గొంతు సవరించుకుంది. "కుళాయి తల నేనే ఊడదీశానండీ. ఈ పిల్ల నాతో ఆ ముందురోజు దాకా చెప్పలేదు. మొదటే చెప్పుంటే మొదటే ఊడదీసేదాన్ని."

ఆయన కుర్చీ కూతురి పక్కన వేసుకుని కూర్చున్నాడు, తెర వైపు. ఆమె స్విచ్ వేసింది. నాలుగు నిమిషాల పైచిలుకు ముగ్గురూ నల్లటి తెర చూస్తూ కూర్చున్నారు. అక్షరాలు వచ్చాయి. ఆమె బొమ్మలు అప్పగించి, కాగితం మీద కూడిక వేసింది.

"రేపు సాయంత్రానికి ఇరవై తగ్గుతాయి. ఫర్వాలేదు, ఆఖరి బొమ్మని కాసేపు అలాగే నిలబెట్టేస్తాను."

తర్వాత అలాగే చేసింది. ఆఫీసు వాళ్ళు ఆ తేడా పట్టుకోలేదు, ఏడాది పనీ ఆమెకే ఇచ్చారు. కానీ ఆ మధ్యాహ్నం ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆయన ఇరవై అనే అంకె దగ్గరే ఆగిపోయాడు.

"ఇంకొంచెం ముందు మొదలెట్టుంటే అవీ వచ్చేవా?" అని అడిగాడు.

"వచ్చేవి," అంది కూతురు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నిన్న పొద్దున షాపులో దీని పంకాల మోత విన్నాను. ఐదు నిమిషాలు తిరిగి ఆగింది. నిన్నే తెస్తారనుకున్నాను నాన్నా. బల్ల కూడా నిన్ననే ఖాళీ చేశాను."